గుమ్మం దాటని దుమ్ము

ఆసుపత్రి బెంచీని చేతిరుమాలుతో రెండుసార్లు తుడిచి గానీ ఇన్‌స్పెక్టరమ్మ కూర్చోలేదు. ఆ తర్వాతే మొగుణ్ణి కూర్చోనిచ్చింది. అతని కాలరు సరిచేసింది. భుజం మీద దారప్పోగు కనిపిస్తే తీసి, కింద పడెయ్యకుండా తన సంచిలోనే వేసుకుంది.

"ఇక్కడ కూడానా?" అన్నాడతను, నవ్వు తెచ్చుకుని.

"శుభ్రానికి ఇల్లేమిటి, ఆసుపత్రేమిటి!"

ఆమె ఇన్‌స్పెక్టరూ కాదు, పాడూ కాదు. పెళ్లయిన కొత్తలో అతను సరదాకి పెట్టిన పేరు అది. పోనుపోను వీధి వీధంతా అలాగే పిలవసాగింది.

ఆమె ఇంట్లో, నిద్ర లేచినవాళ్లు దుప్పటి మడతపెట్టకుండా గది దాటడానికి వీల్లేదు. తిన్న కంచం సింకులో ఎండకూడదు. పొయ్యి మీద పాలు పొంగితే అప్పటికప్పుడే తుడిచెయ్యాలి. తడి కాళ్లతో లోపలికి వచ్చారా, ఆ పూటకి వాళ్ల పని అయిందన్నమాటే. పిల్లలు మొదట్లో సణిగారు. పెద్దయ్యాక, చుట్టాలింటికి వెళ్లినా వాళ్ల చేతులు ఊరుకునేవి కావు.

అన్నిటికన్నా పెద్ద రూలు మాత్రం అతనికే. అతను పనిచేసింది సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో, రేకులు కోసేచోట. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లబడి, పిండిమరలోంచి లేచొచ్చినట్టు ఉండేవాడు. పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఇన్‌స్పెక్టరమ్మ గారూ, లోపలికి రావచ్చాండీ?" అని అరిచేవాడు.

"ఆగండక్కడ! తువ్వాలు చుట్టుకుని ఆ బట్టలు ఇలా పడెయ్యండి. లోపల చంటిది పాకుతోంది."

జేబులు తిరగేసి, బట్టల్ని గోడకేసి టపటపా బాది, గాలిలో నాలుగు విదిలింపులు విదిలించి, మెట్టు ఊడ్చి, అప్పుడు గానీ అతనికి దారి ఇచ్చేది కాదు. చంటిది పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక కూడా ఆ రూలు మారలేదు.

ఆరునెలల కిందట ఆ ఇంట్లో దగ్గు మొదలైంది. చలిగాలి అనుకున్నారు. మందుల షాపులో ఉన్న సిరప్పులన్నీ అయ్యాయి. దగ్గు మాత్రం పోలేదు. పోయినేడు అదే ఫ్యాక్టరీ గుండు మేస్త్రీ ఇలాగే దగ్గి దగ్గి కన్నుమూశాడు. ఆ మేస్త్రీ పనిచేసిందీ రేకులు కోసేచోటే. ఆ సంగతి మొగుడూ పెళ్లాలిద్దరికీ గుర్తుంది. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"రేకుల ఫ్యాక్టరీ ఆయన ఎవరండీ? డాక్టరమ్మ రమ్మంటున్నారు," నర్సు పిలిచింది.

ఇన్‌స్పెక్టరమ్మ కూడా లేవబోయింది.

"నువ్వు కూర్చో. నేను కనుక్కుని వస్తా."

లోపల ఎక్స్‌రే ఫిల్ము వెలుగుతున్న పెట్టె మీద వేలాడుతోంది. అతను అటు చూడలేక తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"ఎన్నాళ్లు చేశారు అక్కడ?"

"పాతికేళ్ల పైమాటేనండి."

"మాస్కు పెట్టుకునేవారా?"

"భలేవారే! మాస్కు తీశానని తెలిస్తే మా ఆవిడ ఇంట్లోకి రానిచ్చేదా? చంటిదాని మీద ఒట్టేయించుకుందండి. మా గుండు మేస్త్రీ ఉక్కగా ఉందని తీసేసేవాడు. నేను మాత్రం తియ్యలేదు."

"మరి ఒంటి మీది బట్టలు? ఫ్యాక్టరీలోనే మార్చుకునేవారా?"

"లేదండి, వాటితోనే ఇంటికి. ఇంటి దగ్గర మాత్రం..." అంటూ పెరటి గుమ్మం సంగతీ, గోడకేసి బాదడం సంగతీ అంతా చెప్పాడు. చెబుతుంటే అతని ముఖం కాస్త వెలిగింది. "మా ఇంట్లో ఏ మూల వేలు పెట్టి రాసినా మీకు మట్టి అంటదండి."

"అవి దులిపేది ఎవరు? మీరేనా?"

"అబ్బే, ఆవిడే. నన్ను ముట్టుకోనిస్తేగా!"

"రోజూనా?"

"రోజూనండి."

డాక్టరమ్మ కలం మూత పెట్టి బల్ల మీద ఉంచింది. అతని వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులతోనూ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ రేకుల్లోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జబ్బు ఇన్నేళ్లకు గానీ బయటపడదు," అందామె మెల్లగా. "బాగా ముదిరింది. బాధ తెలియకుండా ఉండటానికి మందులిస్తాను. అంతకు మించి..."

"వానలు మొదలయ్యేదాకానైనా...?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

అతనికి ఎందుకో దుప్పటి గుర్తొచ్చింది. రోజూ పొద్దున్నే ఆ కొస ఒకరూ ఈ కొస ఒకరూ పట్టుకుని మడతపెట్టడం వాళ్ల అలవాటు. ఇకమీదట ఒక్కరే మడతపెట్టుకోవాలి.

"ఆవిడకి నేను చెప్పనా?" అడిగింది డాక్టరమ్మ.

"వద్దండి. నా నోటితోనే చెబుతాను."

ముఖం తుడుచుకుని బయటికి వచ్చాడు. వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఏమన్నారండీ?"

ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. సబ్బునీళ్లకు అరిగిపోయి, వేళ్ల చివర్లు నున్నగా ఉన్నాయి.

"దుమ్మేనట," అన్నాడు చివరికి. "ఫ్యాక్టరీ దుమ్ము."

దగ్గు తెర ఒకటి వచ్చి పోయేదాకా ఆగి, నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మడిచి, "అదేమిటండీ, పాతికేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసింది మీరైతే జబ్బు నాకెలా వచ్చింది?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.