పంతులమ్మ రెక్క కింద తేలు

మల్లెపందిరి కింద, రాలిన పూల మీద, చుక్కలకోడి పంతులమ్మ పిల్లలకు బడి నడుపుతోంది. పొద్దున ఓ గద్ద బడి మీద చక్కర్లు కొట్టేసరికి పెరడంతా హడలిపోయింది. వెంటనే పుంజుగారు ఓ తేలును తెచ్చారు.

“దీన్ని రెక్క కింద దాచుకో పంతులమ్మా! గద్ద వాలిందా, ఒక్క కుట్టు!”

“మరి పిల్లల్ని కుడితేనో?”

“భలేదానివే! ఇది బుద్ధిమంతురాలు,” అన్నారు పుంజుగారు, కాస్త ఎడంగా జరుగుతూ.

పెద్దాయన మాట కాదనలేక పంతులమ్మ తేలును రెక్క కింద పెట్టుకుంది.

అంతలో గద్ద నీడ పడింది. “రండర్రా!” అంటూ ఆమె రెక్కలు చాచింది. పరిగెత్తుకొచ్చిన పిల్లలు రెక్క అంచున ఠక్కున ఆగిపోయారు.

“ముందు దాన్ని దించండి పంతులమ్మగారూ,” అంది బుల్లిపిల్ల.

పంతులమ్మ రెక్క దులిపింది. తేలు వెళ్లి పుంజుగారి కాళ్ల ముందు పడింది. పిల్లలంతా గబగబా రెక్కల కింద దూరారు. వాళ్లకంటే ముందు దూరింది మాత్రం పుంజుగారే.