మడతలో వదిలిన బట్ట

"మాసిలామణి గారూ, మిమ్మల్ని మీరే నిలువెత్తున గీయండి. ఒళ్ళూ మనసూ అన్నీ రావాలి," అన్నాను.

మదురైలో నేను బొమ్మలు గీయించి చేసే మనసు వైద్యానికి ఆయన్ని లాక్కొచ్చింది భార్య పేచ్చియమ్మ. టైలర్ కొట్టు మూసేసిన దగ్గర్నుంచి మనిషి రెండు ముద్దలు మించి తినడం లేదట. "నా పని అయిపోయింది" తప్ప మరో మాట లేదట.

ఆయన కాగితం నేలమీద పరిచి చకచకా గీసేశాడు. ఛాతీ ఒకచోట, వీపు ఒకచోట, చేతులు విడివిడిగా, మెడ ఎక్కడో మూలన.

"అమ్మా, మీ ఆయన లోపల ముక్కలు ముక్కలైపోయారు," అన్నాను మెల్లగా.

పేచ్చియమ్మ పకపకా నవ్వింది. "అది చొక్కా కటింగ్ డాక్టరమ్మా! మనిషిని గీయమంటే ఈయనకి ఇంకేం వచ్చు?"

"కుడితే మనిషే అవుతాడు," అన్నాడాయన చిన్నబుచ్చుకుని.

ఆమె వంగి చూసింది. "ఎవరి కొలతలయ్యా ఇవి?"

"నావే. నన్నేగా గీయమన్నారు!"

"మరి పక్క కుట్ల లోపల ఇంత బట్ట వదిలావెందుకు?"

"రేపు ఒళ్ళు చేస్తే కుట్లు విప్పి వదులు చేసుకోవద్దూ?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఒళ్ళు చేస్తావా?"

ఆయన తను గీసిన గీతల వంక తనే కొత్తగా చూశాడు. "ఇవాళ ఏం వండావు?" అన్నాడు.

"కారక్కుళంబు పులుసు."

"మళ్ళీ అదేనా?" అని ముఖం చిట్లించాడు.

పేచ్చియమ్మ కళ్ళు తుడుచుకుంది. "విన్నారా డాక్టరమ్మా, నా వంటకి వంక పెట్టాడు!"