నలుగురి ముందు ఇడ్లీ

దుర్గాభవాని గడ్డం మీద చట్నీ ఉంది.

ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎదురు బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు ప్రయాణికులు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వాక తెలిసింది.

చేతిరుమాలుతో గబగబా తుడుచుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇడ్లీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయింది.

చిన్నప్పటి నుంచి ఆమె కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. పై పళ్లూ కింది పళ్లూ కలిసేవి కావు. జామకాయ కొరకాలన్నా చాకు కావాల్సిందే. ఉద్యోగం వచ్చాక తనే ధైర్యం చేసి విశాఖపట్నం వెళ్లి ఆపరేషన్ చేయించుకుంది.

ఎముక సరిచేశారు. వారాల తరబడి పళ్లను రబ్బర్లతో బిగించి ఉంచారు. జావ, పాలు, పళ్లరసం తప్ప మరొకటి లేదు.

రబ్బర్లు తీసిన రోజున డాక్టరమ్మ చెప్పింది.

"ఇక నమలాలి. మెత్తనివాటితో మొదలుపెట్టు. పెదవికీ గడ్డానికీ స్పర్శ మెల్లగా వస్తుంది. గదిలో దాక్కుని కాదు, నలుగురిలో కూర్చుని తిను. అప్పుడే భయం పోతుంది."

దుర్గాభవాని చీపురుపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఊరికి కొత్త. స్టేషన్ దగ్గర దేముడమ్మ హోటల్లో టిఫిన్ బాగుంటుందని ఎవరో చెబితే వచ్చింది. మొదటి రోజే ఇలా అయింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే హోటల్లో అదే బల్ల దగ్గర కూర్చుంది.

"వచ్చినావా తల్లీ?" అంది దేముడమ్మ.

"వచ్చాను. రెండు ఇడ్లీ. మెత్తగా ఉండాలి."

"నా ఇడ్లీ గట్టిగా ఎప్పుడున్నాది?"

చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. పక్కవాళ్లు తన మొహంలోకే చూస్తున్నట్టనిపించింది. చేతిరుమాలు గడ్డానికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే మూల బల్ల దగ్గర ధభీమని చప్పుడైంది.

యాభై దాటిన ఒక మనిషి సాంబారు గిన్నె ఒళ్లో ఒలకబోసుకున్నాడు. మీసాల మీద చట్నీ. హోటలంతా అటు తిరిగింది.

"ఏటి బాబూ, సిన్నపిల్లోడిలాగ!" అరిచింది దేముడమ్మ.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆ నవ్వులు ఆగేలోపు దుర్గాభవాని ఒక ఇడ్లీ పూర్తిచేసింది.

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. ఆయన జుర్రుతాడు. చొంగ కారుస్తాడు. వేళ్ల సందుల్లోంచి ఉప్మా రాలుస్తాడు. ఎవరు చూసినా ఆయన్నే చూస్తారు. ఈమె వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

దుర్గాభవాని ఉప్మా తినడం నేర్చుకుంది. తర్వాత మెత్తటి అట్టు. కుడివైపు నమిలి, ఎడమవైపుకు మార్చడం నేర్చుకుంది. ముద్ద ముద్దకీ గడ్డం తుడుచుకోవడం అలవాటైపోయింది. ఎదుటివాళ్లతో మాట్లాడుతూ తినేదాకా వచ్చింది.

ఒకరోజు ఆయన ఆమె ఎదురుగానే కూర్చున్నాడు. గిన్నె ఎత్తబోయి తూలాడు. నాలుగు సాంబారు చుక్కలు వచ్చి ఆమె కొత్త చీర మీద పడ్డాయి.

కాలేజీకి వేళవుతోంది. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏవండీ, ఇంత వయసొచ్చింది. పద్ధతిగా తినడం చేతకాదా మీకు? పక్కన మనుషులున్నారని లేదా?"

హోటలంతా ఇటు తిరిగింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడాయన తల వంచుకుని. తన గ్లాసులో నీళ్లు ఆమె వైపు జరిపి, లేచి మూల బల్లకు వెళ్లిపోయాడు.

దేముడమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

ఆ మర్నాటి నుంచి ఆయన మూలనుంచి కదల్లేదు. ఆమె అటు చూడటం కూడా మానేసింది.

కొన్నాళ్లకు పెదవికి వేడి, చల్లదనం తెలియడం మొదలైంది. ఒక పొద్దున దుర్గాభవాని ధీమాగా వచ్చి కూర్చుంది.

"దేముడమ్మా, ఈరోజు గారె పెట్టు."

"నమలగలవా?"

"నమలడం కాదు, కొరుకుతాను చూడు."

వేడి గారె తుంచలేదు. రెండు చేతులతో పట్టుకుని ముందు పళ్లతో కొరికింది.

కరకరమంది.

పుట్టి బుద్ధెరిగాక ముందు పళ్లతో కొరకడం అదే మొదలు. పక్కన ఒకామె పేపరు చదువుకుంటోంది. ఎవరో టీ కోసం కేకేస్తున్నారు. తనను ఎవరూ చూడటం లేదు. చూసినా ఫర్వాలేదనిపించింది.

రెండో గారె కూడా అయ్యాక చుట్టూ చూసింది. మూల బల్ల ఖాళీగా ఉంది.

"మీ బాబు రాలేదేం? హోటలంతా శుభ్రంగా ఉంది ఇవాళ."

"వేరే ఊరు మార్చీసినారు తల్లీ. నిన్న సాయంత్రం బండికెల్లిపోనాడు."

"పోనీలే, నీ బల్లలు బతికిపోయాయి," అని నవ్వింది దుర్గాభవాని.

దేముడమ్మ నవ్వలేదు. అట్లకాడ పక్కన పెట్టి దగ్గరకొచ్చింది.

"అలగనకు తల్లీ. ఆ బాబెవులనుకున్నావు? మన స్టేషను మేష్టరు జగన్నాధం బాబు. ఎన్నేళ్లగానో నా కాడే తింతన్నాడు. ఒక్క మెతుకు కింద పడ్డం నానెరగను."

"మరి రోజూ..."

"తొల్రోజు నువ్వు ఏడుసుకుంట లేసెల్లిపోనావు కదా, ఆ మూల కూకొని సూసినాడు. నువ్వు బాగా తినీదాకా సెప్పొద్దని నా కాడ మాట తీసుకున్నాడు."

దుర్గాభవాని మూల బల్ల వైపు తిరిగి చూసింది.

"డూటీకేసుకునే తెల్ల సొక్కా ఇస్త్రీ సెదరకుండా నా లోపలి గదిలో తగిలించి," అంది దేముడమ్మ, "నీ ముందర సాంబారు ఒలకబోసుకోడానికి పాత సొక్కా తొడుక్కుని వచ్చి కూకునేవోడు."