జడ కొస

నేను ఇంట్లో లేనప్పుడు పాప లేచి ఏడుస్తుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. నా జడ కొస గుప్పిట్లో ఉంటేనే దానికి నిద్ర. అందుకే ఏడాదిగా పొద్దుపోయాక నేను గడప దాటలేదు.

ఈరోజు అద్దం ముందు నిలబడి జడ విప్పేశాను. జుట్టంతా పైకి మెలిపెట్టి, ముడి వేసి, రెండు పిన్నులు గుచ్చాను.

"కొప్పు పెట్టుకుని ఎక్కడికే?" అంది అత్తయ్య.

"తొమ్మిదో తరగతిలో నాతో చదివినవాళ్ళు భోజనానికి పిలిచారు."

"మధ్యలో మానేసినదానివి, నీకెందుకా గోల? ముందు జడ వేసుకో, పాప పడుకుంటుంది."

"మావాళ్ళు చదువు మానమంటే మానేశాను. ఈ ముడి విప్పమంటే మాత్రం విప్పనత్తయ్యా."

గొంతు పెంచాను. అత్తయ్య పెట్టె తెరిచి బారెడు సవరం తీసింది.

"నా జుట్టే. నీ మొగుడు పుట్టాక రాలిందంతా పోగేసి చేయించా. ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు పెట్టుకుందామని."

"ఎక్కడికి వెళ్ళారు?"

"వెళ్ళనిస్తేగా!"

సవరానికి నా తలనూనె రాసి, దాని కొస పాప గుప్పిట్లో పెట్టింది. పాప కళ్ళు మూసుకుంది.

"ఆగు, వెనక పిన్ను జారుతోంది." గట్టిగా గుచ్చింది. "ఇక పో. తొమ్మిదిలోపు వచ్చావంటే తలుపు తీయను."

బస్సెక్కాను. మీరెవరైనా మా వీధిలోంచి వెళ్తుంటే, కిటికీలోంచి ఒక్కసారి చూడండి. పాపను కాదు, అత్తయ్యను. ఒక్కతే కూర్చుని ఏడుస్తోందేమో.