ఐదో పాసు

పాసులు ఐదు. మనుషులూ ఐదుగురే. అయినా ముందు గదిలో అరగంట నుంచి చర్చ తెగడం లేదు.

ఆ సినిమా పెద్దలకు మాత్రమే. ఇంట్లో అందరూ గువ్వ అని పిలిచే పిల్లకి పన్నెండేళ్ళు. పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ గౌను వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కుని గుమ్మంలో కూర్చుంది. వేసవిలో పోయిన గొంతు ఇంకా సరిగ్గా రాలేదు. ఉన్నంత గొంతుతోనే బతిమాలుతోంది.

"ఒక్క చివరి సీను చూసి బయటికొచ్చేస్తా నాన్నా."

"అసలు చూడకూడనిదే అది," అన్నాడు నాన్న. ఆయన లెక్కల మాస్టారు. పిల్లల మనసు మీద ఈమధ్యే ఒక పుస్తకం సగం చదివాడు. "పసి బుర్రలో నెత్తురు బొమ్మ పడిందంటే జన్మలో పోదు."

"దానికి ధైర్యం ఉందిలే అన్నయ్యా," అన్నాడు బాబాయి.

"వేసవి సెలవులన్నీ దీని వెనకే తిరిగాను. దీని సంగతి నాకు తెలీదా? ఎంత సున్నితమో," అన్నాడు నాన్న.

సున్నితమే మరి. ఆ ఇంట్లో గువ్వని కూరల కత్తి కూడా ముట్టనివ్వరు. టీవీలో ఎక్కడైనా ప్రమాదం చూపిస్తే చాలు, అమ్మ పరుగెత్తుకొచ్చి గువ్వ కళ్ళు మూస్తుంది. మూసి, తను మాత్రం కళ్ళప్పగించి చివరిదాకా చూస్తుంది.

"ఇంట్లో ఉడతల సినిమా పెట్టి పోదాం," అంది అమ్మ.

"ఒంటరిగానా? పిల్ల జడుసుకోదూ?" అంది నానమ్మ. బొద్దింక కనబడితే మంచమెక్కే నానమ్మ అప్పటికే సంచీ చంకన పెట్టుకుని సిద్ధంగా ఉంది.

ఆఖరికి థియేటరు దాకా తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నారు. ఆపైన గేటాయన ఏమంటే అదే. వేసవి అయ్యాక కొన్న కారులో ఐదుగురూ ఇరుక్కుని కూర్చున్నారు.

గేటాయన గువ్వని ఎగాదిగా చూశాడు. "పద్దెనిమిది నిండాలండీ. రూలు."

"విన్నావా? నేను చెప్తే చాదస్తమన్నారు," అంటూ నాన్న గువ్వ తల నిమిరాడు. గేటాయనకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "పాపని కాస్త చూస్తుండండి. లోపలి మాటలు దీని చెవిన పడకుండా తలుపు గట్టిగా వేయండి."

నలుగురూ ఒకర్నొకరు తోసుకుంటూ లోపలికి పోయారు.

గువ్వ మెట్ల మీద కూలబడింది. చేతిలో ఐదో పాసు. మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

రెండు గంటలు గడిచాయి. ఉన్నట్టుండి తలుపు సందులోంచి ఒక అరుపు దూసుకొచ్చింది. చిన్నపిల్ల అరుపు. గేటాయన చేతిలో టీ తొణికి చొక్కా మీద పడింది.

"ఎవరు కన్న బిడ్డో," అన్నాడాయన. "ఏం చేస్తే అంతలా అరిచిందో. నువ్వు చెవులు మూసుకో తల్లీ."

గువ్వ మూసుకోలేదు. అరుపు ఆగేదాకా శ్రద్ధగా విని, బొంగురు గొంతుతో అంది: "ఇది పదిహేడో టేకు అంకుల్, ముందు పదహారుసార్లూ మా నాన్న కెమెరా పక్కనే నిలబడి, ఇంకా భయంగా అరవమ్మా, ఇంకా భయంగా అంటూనే ఉన్నాడు."