పూర్ణిమ ఫోన్‌లో మనిషి

పూర్ణిమ ఫోన్‌లో ఎవరో పరాయి మగవాడు నవ్వుతున్నాడు.

యుగంధర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కరెంటు బిల్లు ఫొటో కోసమని భార్య కొత్త ఫోన్ తెరిచాడు. బిల్లు కనబడలేదు. ఎర్ర చొక్కా, నల్ల కళ్లద్దాలు, నడుం మీద చెయ్యి, వెనకాల నాగార్జున సాగర్ డ్యామ్. వీడు కనబడ్డాడు.

వేలితో జరిపాడు. మళ్లీ వాడే. అన్నం తింటూ. బండి తుడుస్తూ. మంచం మీద బోర్లా పడి, నిద్రలో.

నిద్రలో!

మధ్యలో ఎవరిదో బర్రె వచ్చింది. కొత్తగా వేసిన బోరు వచ్చింది. ఒక రేషన్ కార్డు వచ్చింది. యుగంధర్ వాటిని విసురుగా తోసేశాడు. అతనికి కావలసింది వాడు. వాడి జుట్టు ఎంత ఒత్తుగా ఉందో! యుగంధర్ నుదురు ఎప్పుడో నడినెత్తికి చేరింది.

జుట్టుకన్నా ఎక్కువ మండించింది ఆ ఫొటోలు తీసిన తీరు. ఎంత దగ్గరగా, ఎంత ముచ్చటగా తీసిందో! పూర్ణిమ తనను తీసినప్పుడల్లా ఫొటోలో తలకాయ సగం కోసేస్తుంది.

"ఎవడు వీడు?"

వంటింట్లోంచి వచ్చి పూర్ణిమ తొంగి చూసింది. "నాకేం ఎరుక?"

"నీ ఫోన్ల ఉన్నోడు నీకెరుక లేదా?"

"నేను తియ్యలే."

"మరి వాడే వచ్చి దూరిండా?"

పూర్ణిమ ఫోన్ లాక్కుని నాలుగు ఫొటోలు జరిపింది. ఫక్కున నవ్వింది. "ఇండ్ల బర్రె గూడ ఉన్నది. దాంతోని గూడ తిరుగుతున్ననా?"

"మాట మార్చకు! సాగర్‌కు ఎప్పుడు పోయినవ్?"

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఫోన్‌ను అతని ఒళ్లోకి విసిరింది.

"మిర్యాలగూడ పోతున్న, మా అమ్మోళ్ల ఇంటికి. వాడెవడో తేల్చుకున్నంకనే రా. తేలకపోతే అసలే రాకు."

అన్నట్టే బ్యాగు సర్దుకుంది. కోదాడ బస్టాండులో బస్సు కదిలేదాకా యుగంధర్ నిలబడే ఉన్నాడు. ఆమె కిటికీ వైపు తల తిప్పలేదు. వాడి పేరు తెలియకుండా ఆ ఇంటి గడప తొక్కలేడు. పూర్ణిమ ఒకసారి అన్నదంటే అన్నదే.

నేరుగా మెయిన్ రోడ్డు మీది ప్రశాంత్ మొబైల్ షాపుకు వెళ్లాడు. ఫోన్ కొన్నది అక్కడే. ఊళ్లో సగం మందికి ఫోన్ డాక్టర్ ప్రశాంతే. పూర్ణిమ సోడా తాగేలోపు అన్నీ సెట్ చేసి చేతికిచ్చిన మొనగాడు.

ప్రశాంత్ ఫొటోలు చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"హ్యాకింగేమో అన్నా. గీ మధ్య వాట్సాప్‌ల పెండ్లి కార్డని ఒక ఫైల్ వస్తున్నది. నొక్కితే ఫోనంతా దొంగోని చేతికి పోతది. వదిన గట్ల ఏమన్న నొక్కిందా?"

"దొంగలు మన ఫొటోలు ఎత్తుకపోతరు గానీ, వాళ్ల ఫొటోలు మనకు పెట్టిపోతరా తమ్మీ?"

ప్రశాంత్ ఫోన్‌ను తన వైపు లాక్కున్నాడు. "ఇడిసిపెట్టన్నా. అంతా తుడిచి రీసెట్ కొడ్త. ఫోన్ సాఫ్, మనసు సాఫ్. పైసలు గూడ వద్దు."

పైసలు వద్దన్న ప్రశాంత్‌ను యుగంధర్ మొదటిసారి చూస్తున్నాడు. వీడెందుకు దాస్తున్నాడు? పూర్ణిమను కాపాడుతున్నాడా? కొంపదీసి వీడికి కూడా... ప్రశాంత్ జుట్టు కూడా ఒత్తుగానే ఉంది.

"తుడవకు! సూర్యాపేట పోయి సైబర్ పోలీసులకు ఇస్త. వాడెవడో వాళ్లే గుంజుతరు బయటికి."

"పోలీసులెందుకన్నా! ఇంటి ఇజ్జత్ ఏంగావాలె?"

అప్పుడే షాపు ముందు ఒక బండి ఆగింది. దిగిన మనిషి హెల్మెట్ తీశాడు. ఎర్ర చొక్కా. జుట్టు ఫొటోలోకన్నా ఒత్తుగా ఉంది.

యుగంధర్ రెండు అంగల్లో మెట్లు దిగాడు. వాడి కాలర్ పట్టుకున్నాడు. పట్టుకున్నాక తెలిసింది, తన కాలర్ కూడా వాడి పిడికిట్లో ఉందని.

"దొరికినవ్‌రా!"

ఆ మాట అన్నది యుగంధర్ కాదు. ఎర్ర చొక్కా.

"నేను నేరేడుచర్ల మల్సూర్‌ను. నా పెండ్లాం ఫోన్ల నీకేం పని రా?"

మల్సూర్ జేబులోంచి పెండ్లాం ఫోన్ తీసి అతని మొహం ముందు పెట్టాడు. అందులో యుగంధర్. లుంగీ కట్టుకుని, నోట్లో బ్రష్షుతో, సొంత ఇంటి పెరట్లో. తలకాయ సగం తెగి ఉంది.

"ఎవడని అడిగితే ఎరుక లేదంటది! అలిగి పుట్టింటికి పోయింది!"

"మా ఆమె గూడ పోయింది!" అరిచాడు యుగంధర్. "నీ వల్లనే!"

"నా వల్లనా? నీ మొహం నా ఇండ్లకెట్లొచ్చిందో చెప్పు ముందు!"

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ షాపులోకి వచ్చిపడ్డారు. కౌంటర్ అద్దం ఫెళ్లుమంది. ఫోన్ కవర్లు నేల మీద చెల్లాచెదురయ్యాయి. మల్సూర్ చెయ్యెత్తాడు. యుగంధర్ స్టూలు ఎత్తాడు.

ప్రశాంత్ రెండు చేతులూ జోడించి మధ్యలో పడ్డాడు.

"కొట్టుకోకున్రి అన్నా, వదినెల తప్పేం లేదు, జీమెయిల్ అడిగితే ఎవ్వలికీ తెల్వదంటున్నరని, నా దగ్గర ఫోన్ కొన్నోళ్లందరికీ నా ఒక్క జీమెయిలే ఏసిచ్చిన, గందుకే ఒగ ఫోన్ల తీసిన ఫొటో అందరి ఫోన్లల్ల వడుతున్నది!"