మెల్లగా కొట్టిన చప్పట్లు

మూడో రౌండు సగంలో టీచరమ్మకి ఊపిరి అందలేదు. నడుం పట్టుకుని ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే వినిపించాయి చప్పట్లు.

టప్... టప్... టప్. మెల్లగా, తీరిగ్గా.

గ్రౌండు గోడ పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన. మెడచుట్టూ మఫ్లరు. ఆమెవైపే చూస్తూ కొడుతున్నాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

బళ్లో లెక్కలు చెప్పుకునే మనిషి. నలభై నాలుగేళ్లొచ్చాక ఇప్పుడు పరుగు నేర్చుకుంటోంది. సరదాకేం కాదు. అక్కకి కేన్సరొస్తే ఒక సంస్థవాళ్లు దగ్గరుండి వైద్యం చేయించారు. అక్క బతికి బట్టకట్టింది. ఆ సంస్థే ఏటా విరాళాల కోసం ఐదు కిలోమీటర్ల పరుగు పెడుతుంది. "ఈసారి నేనూ పరుగెత్తుతా" అని పేరిచ్చి, వాళ్ల పసుపు చొక్కా తెచ్చుకుంది. తెలిసినవాళ్లందర్నీ చందాలకి ఒప్పించింది. తీరా మధ్యలో ఆగిపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

"వెళ్లిపోయే బస్సు కోసం కూడా పరుగెత్తవు, నీకెందుకే ఇది?" అని అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మర్నాడూ అవే చప్పట్లు. ఆ మర్నాడూ అంతే.

ఉక్రోషంతో ఆమె వేగం పెంచేది. ఆయన చప్పట్లు ఇంకా నెమ్మదించేవి. మూడో రౌండుకి మళ్లీ ఆయాసం.

ఐదో రోజు వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఏమిటండీ మీ వెక్కిరింత?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అరచేతులు రెండూ గాల్లో కిందికి అదిమి చూపించాడు. 'ఊరుకో, ఊరుకో' అన్నట్టు తోచింది ఆమెకి.

"అడుగుతుంటే నోరు పెగలదా మీకు?"

ఆయన జేబులోంచి కాగితమో ఏదో తీస్తున్నాడు. ఆమె ఆగలేదు. విసవిసా గేటు దగ్గరికి వెళ్లింది.

"వాచ్‌మన్! ఆ బెంచీ మీద మనిషి ఇక్కడికొచ్చే ఆడవాళ్లందర్నీ వేధిస్తున్నాడు."

'అందర్నీ' అన్నది అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు. ఒక్కదాన్నే అంటే వాచ్‌మన్ కదలడని అలా అంది. మాటకొస్తే, వేధించడం కూడా అబద్ధమే.

వాచ్‌మన్ వెళ్లి ఆయన్ని లేపాడు. గేటు దాటుతూ పెద్దాయన ఒక్కసారి ఆమెవైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. చూడలేదు.

ఆ రోజు టీచరమ్మ రెండో రౌండుకే ఆగిపోయింది.

మూడు రోజులు బెంచీ ఖాళీ. ఆమెకి తిండి సయించలేదు. బోర్డు మీద చిన్న కూడిక తప్పు వేస్తే పిల్లలు కిసుక్కుమన్నారు.

నాలుగో రోజు బయల్దేరుతుంటే ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. ఎందుకో వాటి ప్రకారమే అడుగులు వేసింది. మూడో రౌండు దాటింది. ఐదూ దాటింది. ఊపిరి అందుతూనే ఉంది.

అప్పుడు అర్థమైంది. ఆయన వెక్కిరించలేదు. మొదట్లోనే ఉరకొద్దని చెబుతూ వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయింది టీచరమ్మ.

"ఆ పెద్దాయన ఇల్లెక్కడో తెలుసా?" వాచ్‌మన్‌ని అడిగింది.

"ఏమో మేడం. అడిగినా చెప్పలేడు. గొంతు ఆపరేషను చేసి తీసేశారట. ఆ రోజు కాగితం మీద రాసి చూపించాడు."

"మరి నాకు చూపించలేదేం?"

"మీరు నిలబడితేగా!"

చుట్టుపక్కల వీధులన్నీ తిరిగింది. మందుల షాపులో అడిగింది, ఇస్త్రీ బండి దగ్గర అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. కనబడితే ఏమనాలో రోజూ పరుగెత్తుతూ మనసులో అనుకునేది. 'తప్పయిపోయిందండీ' దగ్గరే ఆగిపోయేది.

పరుగు రోజు రానే వచ్చింది. ఎటుచూసినా పసుపు చొక్కాలే. బల్ల దగ్గర ఒకమ్మాయి నంబర్లు ఇస్తోంది. ముందుగా బయల్దేరిన పిల్లల్ని చూసి జనం చప్పట్లు కొడుతున్నారు. ఒక్క కేక లేదు, ఒక్క ఈల లేదు.

"ఎవరూ అరవరేమమ్మా?"

"అది మా పద్ధతండీ. ఈ సంస్థ పెట్టిన మా నాన్నగారికి గొంతు లేదు. ఆయనకి కుదరనిది మేమూ చెయ్యం."

టీచరమ్మ బల్ల మీదికి వంగింది.

"మెడకి మఫ్లరు చుట్టుకుంటారా?"

"అవునండీ! మీకెలా తెలుసు?"

"ఎక్కడున్నారమ్మా? ఒక్క మాట చెప్పుకోవాలి. ఆయన పట్ల నేను చాలా..."

"లేరండీ." ఆ అమ్మాయి తల దించుకుంది. "పోయిన మంగళవారమే. జబ్బు తిరగబెట్టింది. మంచం దిగొద్దని డాక్టరు మొత్తుకున్నా వినకుండా పొద్దున్నే గ్రౌండుకి పోయేవారు. మన చొక్కా వేసుకుని ఒకావిడ కొత్తగా పరుగెత్తుతోంది, ఉరికి ఉరికి ఆగిపోతోంది, నేను వెళ్లకపోతే మానేస్తుంది అని రాసేవారు."

అంటూనే ఆమెని పరకాయించి చూసింది.

"ఆవిడ మీరేనా?"

టీచరమ్మ తలూపింది.

అమ్మాయి మొహం విప్పారింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే మీకు చెప్పి తీరాలి. అలా వెళ్లిన ఐదో రోజు తొందరగా ఇంటికొచ్చేశారు. ఏం నాన్నగారూ అంటే, 'ఇక నేను వెళ్లక్కర్లేదమ్మా, ఆవిడకి పరుగు వచ్చేసింది' అని నవ్వుతూ రాసి చూపించారండీ."